ఇకమీదట ఈశాన్యం నుంచి వీయను

సముద్రం అవతలి ఒడ్డున కూర్చుని చుట్ట కాల్చుకుని, మళ్ళీ ఇంటికి తిరిగొచ్చిన మొనగాడు మన తీరం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు గాలి పరదేశి, ఊరు గవ్వలరేవు. ఈ సంగతి పరదేశి చెప్పగా ఊరు విన్నది. ఊరు చెప్పగా నేను విన్నాను. ఇంతకన్నా గట్టి సాక్ష్యం కోర్టులో కూడా అడగరు.

ముప్ఫయ్యేళ్ళ వయసులో తుఫానుకు తెప్ప కొట్టుకుపోయిందట. ఆరో రోజుకి అవతలి ఒడ్డు తగిలింది. అక్కడి జనం అడవి నరికి, నరికిన దాన్ని తగలబెట్టి, ఆ బూడిదలో సేద్యం చేస్తారు. కొండ కొండంతా మండుతుంటే పరదేశి అగ్గిపెట్టె ఖర్చు లేకుండా చుట్ట ముట్టించుకుని, గాలి తిరిగేదాకా ఆ పొగలోనే కాలక్షేపం చేసి, పదకొండో రోజున ఇల్లు చేరాడు.

"ఆ పొగ నా ఒంటికి పట్టీసి ఈడ దాకా వొచ్చీసినాది. మా నూకాలు నా పంచి ఏడు సార్లు ఉతికినా పోనేదు" అని టీ బడ్డీ దగ్గర ఆయన కథ ముగించేవాడు. మొదట్లో ఒక్క ఉతుకే ఉండేది. చెప్పిన కొద్దీ పెరిగి ఏడయ్యాయి.

ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి. తెప్ప పోయి ఇంజిను బోటు వచ్చింది. మాఘమాసం మొదలుకుని ఏప్రిల్ నడిమిలో వేట నిషేధం పడేవరకు ఆ బోటుకి ఊపిరి తిరగదు. నెత్తళ్ళు, కవ్వళ్ళు లాంటి చిన్న చేపలు గుంపులు గుంపులుగా వచ్చే రోజులవి. ఆ రోజుల్లో పట్టిందే ఎండబెట్టుకుని నిషేధం నెలల్లో తినాలి. అంచేత మాఘంలో పరదేశి బోటుని ఒడ్డు మీద చూసినవాడు ఇంట్లో ఎవరికో బాగాలేదనుకోవాలి.

ఆ ఏడు ఒడ్డు మీదే ఉంది. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. బాగాలేనిది ఒక కాగితానికి.

ఆ కాగితం గవ్వలరేవు తుఫాను షెల్టరు డాబా మీద ఒక పెట్టెలో ఉంటుంది. తీరప్రాంత వాయు స్వచ్ఛతా పర్యవేక్షణ కార్యాలయం వారు ఆ పెట్టె పెట్టారు. పెట్టె గాలి పీలుస్తుంది, ఆ గాలిలో ఉన్న మసిని తెల్ల కాగితం మీద పట్టి చూపిస్తుంది. వానాకాలంలో కాగితం పెళ్ళికొడుకు పంచెలా ఉండేది. మార్గశిరం వచ్చేసరికి కాటుక రేకులా అయిపోయేది. ఊరికి దక్షిణాన మెట్ట దాటితే ఒక కార్ఖానా ఉంది. అందరి చూపూ అటు పోయింది. కార్ఖానా వారు ఒకే మాట అన్నారు: "చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. మేము దక్షిణాన ఉన్నాము. మా పొగ ఎదురీది మీ పెట్టెలోకి రాలేదు." ఆ మాట నిజమే.

కాగితం రాజధానికి వెళ్ళింది. అక్కడొక శాస్త్రజ్ఞుడు దాన్ని రెండు నెలలు పరీక్షించి చక్కటి ఇంగ్లీషులో నివేదిక రాశాడు. ఈ మసి మనది కాదన్నాడు. సముద్రం అవతల వేల మైళ్ళ దూరంలో అడవులు తగలబెట్టినప్పుడు, కొలుముల్లో బొగ్గు మండినప్పుడు లేచిన మసి ఇదన్నాడు. వెంట్రుకలో వందో వంతు ఉండదు కాబట్టి కింద పడదు, పైకెక్కి గాలిలో కూర్చుంటుంది. చలికాలంలో సముద్రం మీద దాన్ని కడిగే వాన ఉండదు. వారం పది రోజుల్లో సముద్రమంతా దాటి, ఎక్కడ గాలి దిగితే అక్కడ తనూ దిగుతుంది. దీనికి బాధ్యత విదేశపు గాలిదే, ఏ ఒక్కరి మీదా వేలెత్తి చూపలేము అని ముగించాడు.

నివేదిక నిజంగా నిఖార్సైనది. దాని ఖర్మ కొద్దీ ఆఫీసుకి చేరింది.

ఆఫీసుకి ఉపసంచాలకులు ఓరుగంటి దక్షిణామూర్తిగారు. నివేదికలు తెలుగులో ఉండాలని పైనుంచి తాజా ఉత్తర్వు వచ్చి ఉంది. అనువాదకుడు మంగిపూడి సుందరేశం 'వైదేశిక వాయువు' అని రాసి తెచ్చాడు.

దక్షిణామూర్తిగారు కళ్ళద్దాలు పైకి నెట్టారు. "ఏమిటయ్యా ఇది, గ్యాస్ బండ అనుకుంటారు జనం. సామాన్యుడికి సుబోధకంగా ఉండవలెనని ఉత్తర్వులో స్పష్టపరచబడి ఉన్నది గదా!"

"పరదేశి గాలి అని రాయమంటారా సార్?"

"అదీ తెలుగంటే!"

తర్వాత ఆ తెలుగును కంప్యూటర్లో నింపాలి. కాలుష్యం జరిగితే బాధ్యులు ఉండి తీరాలన్నది నిబంధన. అందుకోసం రెండు గళ్ళున్నాయి. ఒకటి పేరు, ఇంకొకటి ఇంటిపేరు. ఏది ఖాళీగా ఉన్నా కంప్యూటరు ఎర్రగా అరుస్తుంది. నింపే గుమస్తా ఆలోచించాడు. రెండు మాటలున్నాయి, రెండు గళ్ళున్నాయి. పేరు: పరదేశి. ఇంటిపేరు: గాలి. కంప్యూటరు అరవలేదు సరికదా, రేషను జాబితాలు వెతికి, అడగకుండానే మనిషిని పట్టి ఇచ్చింది. గాలి పరదేశి, తండ్రి ఎర్రయ్య, గవ్వలరేవు. ఇల్లు పెట్టెకు రెండు వందల అడుగుల దూరం.

ఆఫీసు ఆఫీసంతా లేచి నిలబడింది. ప్రపంచంలో ఇంతవరకు ఏ ప్రభుత్వమూ గాలికి బాధ్యుణ్ణి పట్టుకోలేదు. వీళ్ళు చిరునామాతో సహా పట్టుకున్నారు. సాయంత్రానికల్లా పైనుంచి అభినందన కూడా వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరు ఉద్యోగులు వచ్చి, పరదేశి బోటుకి గుడ్డ చుట్టి లక్క ముద్ర వేసి, ఆయన చేతిలో నోటీసు పెట్టారు. నూకాలు వల బాగుచేస్తూ కూర్చుని ఉంది.

"ఏటంట మావా అది?"

"సదువుతాను వుండొలే." పరదేశి కూడబలుక్కున్నాడు. "సదరు గాలి పరదేశి... సముద్రము అవతలి నుండి... మసిని... అక్రమముగా తీసుకువచ్చి... వెదజల్లినందున... అందుకు వాడిన వాహనమును..."

"మసా? ఎప్పుడు తెచ్చినావు? మన పొయ్యిలోది సాలనేదేటి?"

"నాను తేనేదే!"

"తేనేదా? టీ బడ్డీ కాడ ముప్పయ్యేళ్ళ బట్టీ ఏటి సెప్తన్నావు? ఏడు సార్లు ఉతికినానని నన్ను కూడా సాచ్చికం పెట్టినావు గదా! ఆల్లకీ సెవులుంటాయి."

నిజంగానే ఆ చెవులు పని చేశాయి. ఆఫీసువారు పంపిన విచారణాధికారి అప్పటికే టీ బడ్డీ దగ్గర రెండు టీలు తాగి, అవతలి ఒడ్డు, అడవి మంట, చుట్ట, ఏడు ఉతుకులు అన్నీ నలుగురి చేత చెప్పించి, వేలిముద్రలు కూడా వేయించుకుని వెళ్ళాడు. చెప్పినవాళ్ళు పరదేశి గొప్ప కోసం మనస్ఫూర్తిగా చెప్పారు. ఒకాయన ఎనిమిది ఉతుకులన్నాడు.

విచారణ రోజున పరదేశి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూకాలును వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. దక్షిణామూర్తిగారు ఫైలు తెరిచారు. సుందరేశం పక్కన కలం పట్టుకుని కూర్చున్నాడు.

"సదరు వ్యక్తివి నీవేనా?"

"సదరు ఎవులో నాకు తెల్దు బాబూ. నాను పరదేశిని."

"గాలివేనా?"

"అవును బాబూ. మా ముత్తాతల కాడ్నుంచీ గాలోల్లమే."

"రాసుకోండి. వంశపారంపర్యముగా వీచుచున్నారు." దక్షిణామూర్తిగారు ముందుకు వంగారు. "పరదేశివని నీ నోటితోనే అంగీకరించావు. ఏ దేశం?"

"ఏ దేశమూ కాదు బాబూ. నాకన్నా ముందు నలుగురు బిడ్డలు పుట్టి పోనారు. అయిదోవోణ్ణి నాను. మనోడంటే బతకడని, పరాయోడిలాగ పిలిస్తే సావు కన్నుపడదని మాయమ్మ పరదేశి అని పెట్టీసినాది. సావు మోసపోనాది గానీ బాబూ, మీ ఆఫీసు మోసపోనేదు."

సుందరేశం కలం ఒక్క క్షణం ఆగింది. దక్షిణామూర్తిగారి నోరు ఆగలేదు. "తప్పుడు పేరుతో మృత్యువు నుండి తప్పించుకొనిన పూర్వచరిత్ర. రాసుకోండి. అయితే అవతలి ఒడ్డుకి వెళ్ళలేదంటావా? ఇవిగో నాలుగు వాంగ్మూలాలు."

ఇక లాభం లేదని పరదేశి హాయిగా నవ్వేశాడు. ముప్ఫయ్యేళ్ళు మోసిన బరువు దింపేవాడికి నవ్వు రాదూ!

"బాబూ, సంద్రంలోంచి మా ఊరి కొండ కనపడకపోతే నాకు కడుపులో తిప్పీసి వాంతులవుతాయి. కొండ దాటి నాను ఏనాడూ ఎల్లనేదు. తుఫానుకి తెప్ప కొట్టుకుపోయిన మాట నిజిమే. అందులో నాను నేను."

"నేనంటే?"

"లేను సార్" అని సుందరేశం విడమరిచాడు.

"మరి పదకొండు రోజులు?"

"మా తోడల్లుడింట్లో దాక్కున్నాను బాబూ. తెప్ప కట్టడం మర్సిపోయి పడుకున్నానని తెలిస్తే ఇది సంపేస్తాదని. ఆల్లు బాగా సూసినారు. రోజూ పీతల పులుసే."

నూకాలు మెల్లగా లేచి నిలబడింది.

"మా సెల్లి ఇంట్లో వున్నావా? పదకొండు రోజులు? నాను ఒడ్డు మీద కూకోని గుండెలు బాదుకుంటా వుంటే నువ్వు పీతల పులుసు తిన్నావా? నువ్వు బతికొచ్చినావని దిష్టి తీసినాను గదరా! కోడిని కోసినాను గదరా! బాబూ, ఈడు గాలే. ఉత్త గాలి. రాసుకోండి. వొదలకండి!"

"సాక్షి స్వచ్ఛందముగా ధ్రువపరచినది" అని దక్షిణామూర్తిగారు సంతృప్తిగా రాయించారు.

నూకాలును వరండాలోకి పంపి నీళ్ళిచ్చి చల్లార్చడానికి అరగంట పట్టింది. ఆ సందులో సుందరేశం పరదేశిని బీరువా చాటుకి తీసుకెళ్ళాడు.

"చూడు పెద్దాయనా. ఇది నా అనువాదంతో వచ్చిన గొడవ. నువ్వు గాలివి కావని నాకు తెలుసు. కానీ పైనుంచి అభినందన వచ్చేసింది. అభినందన వెనక్కి పంపే పద్ధతి ఆఫీసులో లేదు. నువ్వు గాలివి కావని నిరూపించుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. గాలినేనని ఒప్పుకుంటే ఒక్క సంతకం."

"ఒప్పుకుంటే బోటు ఇచ్చేస్తారా?"

"ఇకమీదట అటునుంచి వీయనని హామీ ఇవ్వాలి. పెట్టెలో విదేశపు మసి కనపడకపోతే ఇచ్చేస్తారు."

పరదేశి కిటికీలోంచి బయటికి చూశాడు. చెట్ల కొమ్మలు నైరుతికి ఊగుతున్నాయి. అబద్ధాలకు ఆయనకు కొండ అవతలి సముద్రం కావాలి గానీ, కొండ ఇవతలి గాలి సంగతి ఆయనకు అరచేతి గీత. వేళ్ళు ముడిచి లెక్కేశాడు. శివరాత్రి ఇంకా పన్నెండు రోజులుంది. శివరాత్రి వెళ్ళాక ఈశాన్యం సద్దుమణిగి దక్షిణపు గాలి పడుతుంది. ఒక్కో ఏడు రెండో రోజే పడుతుంది. ఒక్కో ఏడు పది రోజులు ఆడిస్తుంది.

"శివరాత్రి ఎల్లిన నాలుగో రోజుకి తిరుగుతానని రాసుకోండి" అన్నాడు.

హామీపత్రం రాయడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. 'గాలి పరదేశి అను నేను, ఎవరి ఒత్తిడికీ లోనుగాక' అని సుందరేశం మొదలుపెట్టి ఆగాడు.

"సార్, గాలి అనేది ఒత్తిడి తేడా వల్లే కదా వీస్తుంది? ఒత్తిడి లేకుండా సంతకం పెట్టాడంటే..."

దక్షిణామూర్తిగారు అయిదు నిమిషాలు కళ్ళు మూసుకున్నారు. "'అల్పపీడనము సైతము లేనివాడనై' అని చేర్చండి. ఏ ఆడిట్టూ ఏమీ అనజాలదు. తిరుగుట పూర్వాహ్నమా, అపరాహ్నమా?"

"మజ్జానం బువ్వ తిన్నాక బాబూ" అన్నాడు పరదేశి.

"గాలికి భోజన విరామం దేనికయ్యా?"

"మీ ఆఫీసుకి నేదేటి బాబూ?"

సంతకమైపోయింది. 'ఇకమీదట ఈశాన్యం నుంచి వీయను. వీచినచో సదరు బోటును శాశ్వతముగా స్వాధీనపరచుకొనుటకు నాకు అభ్యంతరము లేదు.'

ఆ రెండో వాక్యం నూకాలు ఇంటికొచ్చాక చదివించుకుంది. అప్పటికి పీతల పులుసు కోపం సగం దిగింది. "నాలుగో రోజు తిరక్కపోతే?" అంది.

పరదేశి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా సముద్రం మీద వేరేవాళ్ళ బోట్లు నెత్తళ్ళ గుంపు చుట్టూ మూగి ఉన్నాయి. కేకలు ఒడ్డుకి వినిపిస్తున్నాయి.

శివరాత్రి వెళ్ళింది. మొదటి రోజు ఈశాన్యమే. రెండో రోజూ ఈశాన్యమే. మూడో రోజున పరదేశి తిండి మానేశాడు. నూకాలు ఆయన ముందు కంచం పెట్టి, "తిను మావా. మా సెల్లి సేసినట్టు నాకు రాదు గానీ, పీతల పులుసే" అంది. ఆవిడ క్షమించడం కూడా గుచ్చినట్టే ఉంటుంది.

నాలుగో రోజున ఒడ్డు మీద శామియానా వేశారు. దక్షిణామూర్తిగారు, సిబ్బంది, బల్ల, బల్ల మీద కాగితాల కట్ట, వాటి మీద హామీపత్రం. ఊరంతా పోగైంది. పదకొండయింది, పన్నెండయింది. బోట్ల మీది జెండాలు నైరుతికే రెపరెపలాడుతున్నాయి.

"గడువు సమీపించుచున్నది" అన్నారు దక్షిణామూర్తిగారు.

"బువ్వ తిననీయండి బాబూ" అని పరదేశి ఇంటికెళ్ళాడు. నాలుగు మెతుకులు నీళ్ళతో దింపుకుని తిరిగొచ్చాడు. ఇసుక తీసి పిడికిలి పట్టి వదిలాడు. ఇసుక పక్కకు పోలేదు, నిటారుగా పడింది. జెండాలు వాలిపోయాయి. అవతల తాటితోపులో ఒక ఆకు గరగరమంది. రెండో ఆకు అంది. వెనక నుంచి వెచ్చటి గాలి వచ్చి పరదేశి చెవి తాకింది. జెండాలన్నీ ఒక్కసారి లేచి, సరిగ్గా వెనక్కి తిరిగి నిలబడ్డాయి.

ఊరు ఈల వేసింది. సిబ్బంది చప్పట్లు కొట్టారు. శామియానా పొంగి తాళ్ళు లాగింది, బల్ల మీద కాగితాలన్నీ లేచి సముద్రం వైపు పరుగెత్తాయి. దక్షిణామూర్తిగారు హామీపత్రం మీద రెండు చేతులూ అదిమిపట్టి, "పరదేశీ! కాస్త మెల్లగా! ప్రభుత్వ రికార్డు కొట్టుకుపోతోంది!" అని అరిచారు.

"కొత్త గదా బాబూ, సర్దుకుంటాది" అన్నాడు పరదేశి.

వారం తర్వాత పెట్టె తెరిచారు. కాగితం కాటుక రేకు కాదు, కాటుక భరిణె. ముందుకన్నా నల్లగా ఉంది.

పరదేశి మళ్ళీ వేళ్ళు ముడిచి లెక్కేశాడు. మార్చి సగం పోయింది, నిషేధానికి ఇక నెల రోజులే. కాగితం రాజధానికి పరుగెత్తింది. ఈసారి శాస్త్రజ్ఞుడికి రెండు రోజులు కూడా పట్టలేదు. ఇందులో అవతలి ఒడ్డు మసి లేదు, ఇది దగ్గర్లో పుట్టిన ముతక మసి, దక్షిణం నుంచి వచ్చింది, మీ ఊరి గాలే అని రాశాడు. సుందరేశం అనువదించబోయి, భయమేసి, ఉపసంచాలకుల్నే అడిగాడు.

"పరదేశి కానిది స్వదేశి. అంతే గదా" అన్నారు దక్షిణామూర్తిగారు.

గుమస్తా నింపాడు. పేరు: స్వదేశి. ఇంటిపేరు: గాలి. కంప్యూటరు జిల్లా అంతా వెతికింది, పక్క జిల్లాలు వెతికింది. ఆ పేరు గలవారు ఎవరూ లేరని చెప్పింది. బాధ్యులు లేనందున కాలుష్యము జరుగలేదని నిర్ధారించి ఫైలు మూసేశారు. విదేశపు మసి పూర్తిగా ఆగినందున గాలి పరదేశి హామీ నెరవేర్చినట్టుగా ఇంకో ఫైలు మూసేశారు. ఈ కబురు తెలిసి గవ్వలరేవు కులపెద్దలు కూర్చుని, గాలివారి ఇళ్ళలో పుట్టబోయే ఏ బిడ్డకూ స్వదేశి అని పేరు పెట్టకూడదని కట్టడి చేశారు.

బోటు విడిపించడానికి దక్షిణామూర్తిగారే వచ్చారు. అప్పుడు నూకాలు దక్షిణం వైపు చెయ్యి చూపించింది. మెట్ట మీదుగా కార్ఖానా గొట్టం నల్లటి పొగను తీరిగ్గా ఊరి మీదకి వదులుతోంది.

"అది కనిపిస్తాంది గదా బాబూ?"

ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"కనిపిస్తోందమ్మా. కానీ గొట్టానికి ఇంటిపేరు లేదు గదా" అన్నారు.

తర్వాత ఆయన వంగి, లక్క ముద్ర తన చేత్తో విప్పి, గుడ్డ మడిచి, "పొరపాటు మాదే పరదేశీ, క్షమించు" అన్నారు. నిషేధానికి ఇంకా ఇరవై రోజులుంది. పదిమంది భుజాలిచ్చి తోశారు. బోటు నీళ్ళ మీదికి జారింది. పరదేశి ఇంజిను లాగి, కొండ కనబడే మేర మాత్రమే వెళ్ళి, సాయంత్రానికి నాలుగు తట్టల నెత్తళ్ళతో తిరిగొచ్చాడు. నూకాలు వాటిని ఎండబెట్టింది. కాస్త మసి పట్టింది, దులిపి తిన్నారు.

ఇందులో నేను కల్పించిన ముక్క ఒకటుంది, దాచను. గాలి చేత సంతకం పెట్టించుకోవడం, గాలిని మెల్లగా వీయమనడం, ఇవన్నీ కల్పించే తెలివే ఉంటే నేను ఊళ్ళో ఎందుకుంటాను? కానీ ఆ "పొరపాటు మాదే, క్షమించు" అన్నది మాత్రం ఆయన అనలేదు. కథ మరీ వెలితిగా ఉంటే నేనే అతికించాను. ఆ రోజు ఆయన ముద్ర విప్పుతూ నిజంగా అన్నది ఇది: "హామీ గుర్తుంచుకో. మార్గశిరం మళ్ళీ వస్తుంది."